అండమాను దీవులలో అభ్యంగనము: మన్ను, తైలము, గానుగ

విరాటుని అంతఃపురమున ద్రౌపది చేసిన కొలువు ఎట్టిదో తెలుగు పాఠకునకు క్రొత్తగా చెప్పవలసిన పనిలేదు. సైరంధ్రి యనగా జడ లల్లునది, మాలలు గ్రుచ్చునది, మైపూతలు నూరి సిద్ధము చేయునది. కీచకుని కథ వేగమున బడి మనము తరచుగా దాటిపోవు ఘట్ట మొకటి వ్యాసభారతమున కలదు. రాత్రివేళ వంటశాలలో భీముని కలిసికొని తన దుఃఖము చెప్పుకొనునపుడు ఆమె తన అరచేతులు చూపును. కుంతికి తప్ప తనకొరకైనను గంధము తీసి యెరుగని చేతు లవి. ఇప్పుడు కాయలు కాచినవి. మత్స్యరాజునకు ఇతరులు నూరిన చందనము రుచింపదట! భీముడు ఆ చేతులను ముఖమునకు చేర్చుకొని విలపించును. కృష్ణ యని పేరుగన్న ఆ నల్లని రాణి ఇతరుల మేని నునుపునకై తన చేతి నునుపును పోగొట్టుకొన్నది.

దేహసంస్కారమును గూర్చి మన గ్రంథములు చెప్పినదంతయు దాదాపుగా పూయించుకొనువాని పక్షమున చెప్పినదే. అష్టాంగహృదయము దినచర్యలో నిత్యాభ్యంగనమును విధించి, తలకు, చెవులకు, పాదములకు విశేషముగా తైలము పట్టింపుమన్నది. 1130 ప్రాంతమున కల్యాణిని ఏలిన చాళుక్య సోమేశ్వరుడు తన మానసోల్లాసమున స్నానభోగమును రాజభోగములలో నొకటిగా లెక్కించి వర్ణించెను. తైలము ఏ గింజది, ఏ పూలతో పరిమళింపజేసినది, ఎట్లు మర్దింపవలెను అను విషయములు ఇట్టి గ్రంథములలో కోరినంత దొరకును. ఆ గింజ నాడించినవాడు, ఆ పిండి విసిరినది, ఆ కాపులు కాచినది మాత్రము వాక్యమున కర్తలుగా రారు. కర్మణి ప్రయోగ మున్నది గదా! నూనె పట్టింపబడును, నలుగు పెట్టబడును, నీరు పోయబడును. చేసినవారి పేరు వ్యాకరణమే మింగివేయును.

ఈ రెండు పక్షములును, పూయించుకొను దేహమును, పూతను చేయు చేయియు, ఒక్క దీవుల గుంపులో ఎదురెదురుగా నిలిచిన చోటు బంగాళాఖాతమున కలదు. అవి అండమాను నికోబారు దీవులు. ఆ కథకు పోవుటకు ముందు నల్లని చర్మమును గూర్చి ఒకటి రెండు మాటలు చెప్పుకొనవలెను.

నలుపు అను వర్ణమునకు తెలుగు కొన్ని మంచి మాటలనే సంపాదించిపెట్టినది. చామనచాయ యన్నపుడు శ్యామ శబ్దము మన నోట మెత్తబడినది. ‘నిగనిగ’ యను మాట నల్లని వస్తువును చూచి పుట్టినదా యనిపించును. నల్లరాయి, నేరేడుపండు, నూనె దువ్విన తల, తైలము పట్టించిన మేను నిగనిగలాడునుగాని తెల్లని గోడ నిగనిగలాడదు. ‘నలుపు నారాయణ మెచ్చు’ అను సామెతయు మనకున్నది. అయితే సామెత ఓదార్పుగా పుట్టినపుడు దాని వెనుక ఒక గాయముండునని మరువరాదు. తెలుపును ఎవరు మెచ్చుదురో చెప్పుటకు సామెత అవసరము కలుగలేదు. ప్రబంధకవులు నాయికలకు పసిడి మేనులనే పంచిపెట్టిరి. నల్లని చర్మము నిగ్గును దేవునియందు చూచినంత ఉదారముగా వారు మనుష్యస్త్రీయందు చూడలేదు.

శాస్త్రము చెప్పునది ఇంతకంటె సులభము. రంగును పుట్టించు కణముల సంఖ్య నల్లనివారిలోను తెల్లనివారిలోను ఇంచుమించుగా సమానమే. ఆ కణములు చేయు రంగురేణువులు నల్లని చర్మమున పెద్దవై, విడివిడిగా పరచుకొని, ఎండనుండి కొంత కాపుదల నిచ్చును. ఎండిపోవుట యన్నది ఏ చర్మమునకైనను కలదు. నల్లని చర్మమున అది బూడిద చల్లినట్లు పైకి కనబడును. గోరుతో గీచిన గీత తెల్లగా నిలిచిపోవును. పల్లెటూరి తల్లి పిల్లవాని మోచేతులు, మోకాళ్ళు చూచి ‘ఒళ్ళంతా పేటెక్కినది’ అని నూనెగిన్నె తెచ్చుట ఇందుకే. వంటికి నువ్వులనూనె, తలకు ఆముదమో కొబ్బరినూనెయో పట్టించి, కొంతసేపు నాననిచ్చి, పెసరపిండో సున్నిపిండో నలుగు పెట్టి, కుంకుడు పులుసుతో తలంటి, గోరువెచ్చని నీళ్ళు పోయుట మన ఇండ్లలో తరతరముల మర్యాద. తైలము చర్మములోని తడి ఆవిరిగాకుండ అడ్డుపడును. పిండి అధికమైన జిడ్డును, పొట్టును తీసివేయును. పండుగనాడు సంబరముగా జరుగు ఈ పని తక్కిన దినములలో ఒక స్త్రీ నడుము నొప్పిగా మిగులును.

అండమానులలో ఏటికి సుమారు 3000 మిల్లీమీటర్ల వాన కురియును. గాలి ఎల్లపుడు తేమగా నుండును. అట్టిచోట తడి తక్కువై చర్మ మెండునను భయముకంటె చెమట, ఉప్పుగాలి, దోమ, జలగ, పురుగు అను భయములు హెచ్చు. ఆ దీవుల ఆదివాసులు వేలయేండ్లుగా తమ నల్లని మేనులను కాపాడుకొన్న పద్ధతి ఈ వాతావరణమునుండి పుట్టినది. ఎడ్వర్డ్ హోరేస్ మాన్ అను అధికారి 1880ల తొలినాళ్ళలో పెద్ద అండమాను తెగలవారిని గూర్చి ప్రకటించిన విపులమైన వ్యాసములలోను, 1906 మొదలు 1908 వరకు అచ్చట పరిశోధించిన రాడ్‌క్లిఫ్ బ్రౌన్ 1922లో వెలువరించిన గ్రంథములోను ఈ పూతల వివరములు కలవు. మాన్ వ్రాసినదానినిబట్టి దక్షిణపు తెగవారి మైపూతలు ముఖ్యముగా మూడు. నీటితో కలిపి ఒంటినిండ పూసికొను బూడిదవన్నె బంకమన్ను మొదటిది. దానిని వారు ‘ఓగ్’ అందురు. సన్నని గీతలతో చిత్రములు వ్రాసికొనుటకు తగిన తెల్లని మేలిమన్ను ‘తల-ఓగ్’. లోహపు మన్నును కాల్చి ఎర్రబరచి, పొడిచేసి, పందికొవ్వుతోనో తాబేటికొవ్వుతోనో మెదిపిన లేపనము ‘కొయొబ్’. మన ఇండ్లలో నూనె చేయు పనిని అచ్చట కొవ్వు చేయుచుండెను; మన నలుగుపిండి స్థానమున మన్ను నిలిచెను.

ఈ పూతలకు వారు చెప్పుకొన్న కారణము లేమి? పందిమాంసము, తాబేటి మాంసము తిన్నపిదప దేహమున వేడి హెచ్చునని, మన్ను పూసిన అది శమించునని మాన్ విన్నాడు. తిన్నవాని మేనినుండి వెలువడు వాసన అడవిలోని భూతములను పిలుచునని, మన్ను ఆ వాసనను కప్పునని రాడ్‌క్లిఫ్ బ్రౌన్ విన్నాడు. ఒకరు వేడి యన్నారు, ఒకరు వాసన యన్నారు. పండితులు దీనినిగూర్చి తర్కింపవచ్చును. వేపాకు నీళ్ళతో స్నానము చేయించి, ‘చలువ’ యని ఒకనాడు, ‘గాలి సోకకుండ’ నని మరియొకనాడు చెప్పు మన అవ్వలకు ఈ రెండు మాటలలో విరోధ మేమియు కనబడదు. ఎర్రని లేపనము నొప్పులకును, నలతకును మందుగాకూడ పనికివచ్చుచుండెను. ఒంగీలు తేనె తీయబోవునపుడు ఒరోఫియా జాతికి చెందిన ఒక ఆకును నమిలి, ఆ రసమును ఒంటికి పులుముకొని, తేనెటీగలమీదికి ఉమిసి, వానిని తొలగద్రోలుదురు. చర్మము వారికి అలంకారస్థానము మాత్రమే కాదు. అడవితోను, మృగముతోను, చనిపోయినవారితోను మాటలాడుకొను హద్దు.

ఆ హద్దుమీద వ్రాయు పని స్త్రీలది. చెట్టు బెరడుమీదనో, పడవమీదనో దిద్దు గీతలవంటి గీతలను వ్రేళ్ళతోను, పుల్లతోను భర్తల వీపులమీద, పిల్లల చెక్కిళ్ళమీద, తోటి స్త్రీల భుజములమీద వారు దిద్దుచుండిరి. ఎవరి వీపు వారి చేతి కందదు గనుక పూయువారు పూయించుకొనక తప్పదు. సుదేష్ణ అంతఃపురమున లేని న్యాయమొకటి ఈ పనిలో ఇమిడియున్నది. సైరంధ్రికి ఎవరు గంధము పూసిరి?

అయితే ఈ తెగలవారు చర్మము నునుపుగా నుండుటనే పరమార్థముగా నెంచిరని చెప్పుట పొరపాటగును. పెద్ద అండమాను తెగలవారు చిన్నతనముననే చెకుముకిరాతి పెంకులతో, తరువాతి కాలమున తీరమునకు కొట్టుకొనివచ్చిన సీసాల గాజుముక్కలతో, పిల్లల మేనిపై చిన్నచిన్న గాట్లు పెట్టి, అవి మానగా మిగిలిన మచ్చల వరుసలను అందముగా నెంచిరి. ఆ గాజుపెంకులతోనే తలలు గొరిగికొనిరి. చిన్న అండమానులోని ఒంగీలకు గాట్ల ఆచారము లేదు. ఒక సముద్రపు పాయ దాటినంతనే అందమునకు అర్థము మారినదన్నమాట. ఇంట మరణము సంభవించినపుడు దగ్గరివారు తలనుండి కాలివరకు బూడిదవన్నె మన్ను పూసికొని, చిత్రములు మాని, దుఃఖకాలము గడచువరకు అట్లే మెలగుచుండిరి. ఆ కాలము తీరినపిదప ఎర్రని లేపనము మరల ఒంటిపైకి వచ్చుచుండెను. మేనిని చూచియే మనిషి ఏ దశలో నున్నాడో చదువుకొనవచ్చును.

ఆ లిపి చదువరానివారు 1858లో దండనవాసపు కాలనీతో వచ్చిరి. 1789లో ఒకసారి వచ్చి, జ్వరములకు తాళలేక 1796లో విడిచిపోయిన చోటికే, సిపాయిల తిరుగుబాటు ఖైదీలను వెంటబెట్టుకొని ఇంగ్లీషువారు మరల వచ్చిరి. మరుసటి సంవత్సరము అబర్డీను వద్ద తెగలవారు బాణములతో ఎదిరించి ఓడిరి. 1863లో కార్బిన్ అను మతాచార్యుడు రాస్ దీవిలో ‘అండమాన్ హోమ్’ నెలకొల్పెను. అచ్చటికి చేర్చబడినవారికి బట్టలు తొడిగిరి, పనులు నేర్పబూనిరి, ఇంగ్లీషు చెప్పిరి. మన్ను పూసిన మేను వారి కంటికి మురికి మేనుగా కనబడెను. మన్ను కడిగివేసి బట్ట కప్పుట నాగరికత యని నమ్మినవారికి, ఏటిలో ఎనిమిది నెలలు వాన కురియు దేశమున తడిసిన బట్ట ఒంటిమీదనే ఆరుటలోని అపకారము తట్టలేదు. 1877లో తట్టు వ్యాపించి తెగలను తుడిచిపెట్టెను. సవాయిరోగము అంతకుముందే ప్రవేశించియుండెను. కాలనీ నాటికి వేలలో నున్నారని అంచనా వేయబడిన పెద్ద అండమాను తెగలవారు 1901 జనగణనలో 625 మంది. 1961లో 19 మంది.

చనిపోవుచున్న ఆ జనమును కొలుచుటకు మాత్రము శ్రద్ధ కొరవడలేదు. 1879 మొదలు వారిపై అధికారిగా నుండిన మారిస్ పోర్ట్‌మన్ 1890లలో వారిని గళ్ళ తెర ముందు నిలిపి ఛాయాచిత్రములు తీసెను. ఏ అవయవము ఎన్ని గళ్ళ పొడవో లెక్కించుటకే ఆ తెర. ఆ చిత్రములు నేడు బ్రిటిష్ మ్యూజియమున నున్నవి. 1890లోనే కానన్ డాయిల్ తన ‘సైన్ ఆఫ్ ఫోర్’ నవలలో ఒక అండమాను మనిషిని నరమాంస భక్షకునిగా, వికృతరూపునిగా చిత్రించి లోకమునకు పంచిపెట్టెను. అండమానులో అడుగిడని రచయిత లండనులో కూర్చుండి ఒక జాతి చర్మమునకు కట్టిన వెల అది. సాహిత్యమునకు అపకారము చేయు శక్తి లేదని నమ్మువారు ఆ పుటలు చదువదగును.

మన్నును, కొవ్వును దాటి ఇక కొబ్బరినూనె కథకు రావలెను.

నేడు అండమాను అనగానే కొబ్బరితోట మనసున మెదలును. కాని ఇంగ్లీషువారు వచ్చునాటికి పెద్ద అండమాను తీరములలో కొబ్బరి తోటలు లేవు. ఉత్తరమున కోకో దీవులలోను, దక్షిణమున నికోబారులలోను విరివిగా పెరుగు చెట్టు నడుమనున్న దీవులలో లేకపోవుట ఆనాటివారి కొక వింతగా తోచినది. నికోబారులది వేరు లోకము. 1030 నాటి తంజావూరు శాసనమున రాజేంద్రచోళుని విజయములలో ‘మానక్కవారము’ పేర పేర్కొనబడిన ఆ దీవులకు ఓడలు వచ్చినది కొబ్బరికాయకొరకే. నికోబారులలో కాయయే నాణెము. కత్తికి ఇన్ని కాయలు, బట్టకు ఇన్ని కాయలు, పడవకు ఇన్ని వేల కాయలు అని బేరము. తిన్నది కొబ్బరి, త్రాగినది కొబ్బరినీరు, పందులకు పెట్టినది కొబ్బరి తురుము, ఒంటికిని జుట్టునకును రాచినది కొబ్బరినూనె. ఎవరి చెట్టు కాయ వారిది, ఎవరి నూనె వారిది గనుక ఆ నూనె వెనుక బానిసచేయి లేదు. 2004 డిసెంబరు 26 నాటి సునామీ ఆ తీరపు తోటలను పెల్లగించినపుడు వారు పోగొట్టుకొన్నది పంట యనుట చాలదు. అన్నము, ధనము, తలంటు మూడును ఒక్క ఉదయమున పోయినవి.

అండమానులలో కొబ్బరిని నాటించినది కాలనీ ప్రభుత్వము, నాటినవారు ఖైదీలు. 1896లో ఆరంభమై 1906లో పూర్తియైన సెల్యులర్ జైలు ఏడు బాహువులు చాచిన మూడంతస్తుల కట్టడము. పదమూడున్నర అడుగుల పొడవు, ఏడున్నర అడుగుల వెడల్పు గల గదులు దాదాపు 700. ఈ కారాగారమున ఎండుకొబ్బరి గానుగ ఆడించుట కఠినశిక్షలలోకెల్ల కఠినమైనది. మన పల్లెలలో ఎద్దు తిరుగు చోట అచ్చట మనిషి తిరిగెను. ఒక్కొక్కని దినపు మోతాదు 30 పౌండ్ల నూనె, అనగా పదమూడున్నర కిలోలకు పైమాట. మోతాదు తగ్గినచో దెబ్బలు, బేడీలు. అలీపురము కుట్రకేసులో శిక్షపడి 1909లో వచ్చిన బారీంద్రకుమార ఘోషు, ఉపేంద్రనాథ బందోపాధ్యాయుడు, 1911లో వచ్చిన వినాయక దామోదర సావర్కరు తమ తమ గ్రంథములలో ఈ గానుగను వర్ణించిరి. బంగాళీలో, మరాఠీలో, ఇంగ్లీషులో వేర్వేరుగా వ్రాసిన ఈ మనుష్యుల రాజకీయములు తరువాత వేర్వేరు దారులు పట్టినవి. గానుగ దగ్గర మాత్రము వారి మాట ఒక్కటే.

ఆ గానుగ తిరుగుట ఎట్టిదో తెలిసికొనవలెనన్న పల్లెలో గానుగ చూచినవారు ఒక్కసారి స్మరించుకొనవలెను. ఎండుకొబ్బరి మొదట సులభముగానే నలుగును. నూనె ఊరుకొలది పిండి జిగురై, రోకలికి అంటుకొని, మ్రాను బిగిసిపోవును. ఎద్దుకైనను అప్పుడు నురుగు వచ్చును. గానుగవాడు దాని వీపు నిమిరి ఒక గడియ ఆపును. ఆ జైలులో ఆపువాడు లేడు. తిరిగి తిరిగి తల తిరుగుచుండగా మరల నడుము వంచి త్రోయవలెను. సాయంకాలము నూనె తూచుకొని పోవుదురు. గానుగ పనిలో లేనినాడు కొబ్బరిపీచు దంచుట. చేతులు పొక్కి, పొక్కులు పగిలి, ఆ పుండ్లతోనే మరునాడు చెక్కసుత్తి పట్టుట. 1912 ఏప్రిల్‌లో ఇందుభూషణ రాయ్ అను యువకుడు ఆ బాధకు తాళలేక తన గదిలో ఉరివేసికొనెను. అదే సంవత్సరము ఉల్లాసకర దత్తు మతి చలించెను. 1913లో ప్రభుత్వసభ్యుడు రెజినాల్డ్ క్రాడాక్ వచ్చి విచారించువరకు ఆ కథ దేశమునకు అంతంతమాత్రముగానే తెలిసినది.

కొబ్బరినూనెలో దాదాపు సగము లారిక్ ఆమ్లము. చర్మమును మెత్తబరచుటలో అది మేలైన తైలములలో నొకటి. 2004లో ప్రకటితమైన ఒక ఫిలిప్పీన్సు వైద్యపరీక్షలో పొడిచర్మమునకు అది ఖనిజతైలముతో సమానముగా పనిచేసినదని తేలెను. ఈ గుణము 1912లోను దానికి ఉన్నదే. దానిని పిండిన అరచేతులకు ఆ గుణము అందలేదు. మత్స్యరాజు అభిరుచికి కాయలు కాచిన చేతులు రెండు, ఇచ్చట వందలు.

అందులో తెలుగు చేతులును కలవు. 1879లో రంప ప్రాంతమున చెలరేగిన పితూరీలో పట్టుబడిన కొందరిని అండమానులకు పంపిరి. 1922 మొదలు 1924 వరకు అల్లూరి సీతారామరాజు నడపిన పోరాటము అణగినపిదప ఆయన అనుచరులలో అనేకులకు ప్రవాసశిక్ష పడినది. గాం మల్లుదొర వారిలో నొకడు. ప్రాణములతో తిరిగివచ్చిన మల్లుదొరను 1952 ఎన్నికలలో విశాఖపట్టణపు ఓటరులు లోకసభకు పంపిరి. కాకినాడ బాంబుకేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారి 1930లలో ఆ దీవి చూచెను. మన్యపు మనిషి ఇప్పగింజల నూనెను తలకును ఒంటికిని రాచుకొని పెరిగినవాడు. ఆ ఇప్పచెట్టు తనది, లేదా తన ఊరిది. అడవిపై హక్కు పోయినదని, చెట్టు నరికినందుకు జరిమానాలు కట్టవలసివచ్చినదని పితూరీలు లేవదీసిన జనమును సముద్రము దాటించి పరుల తోటల నడుమ విడుచుటలోని క్రూరహాస్యము ఆనాటి న్యాయాధిపతులకు తోచియుండదు. బంగాళీయులు గానుగను గూర్చి గ్రంథములు వ్రాసిరి. మన్యపువారికి వ్రాత లేదు. వారి చేతుల కథను తెలుగు రచన ఇంకను బాకీయున్నది.

1937 నాటి నిరాహారదీక్షలపిదప రాజకీయఖైదీలను స్వదేశమునకు త్రిప్పిపంపిరి. స్వాతంత్ర్యానంతరము తెలుగువారు తమంతట తామే ఆ దీవులకు పోయిరి. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరములనుండి వలలతో పోయిన బెస్తవారు పోర్ట్‌బ్లెయిరులోని జంగ్లీఘాట్ వంటి చోట్ల స్థిరపడిరి. పోర్ట్‌బ్లెయిరుకు 2024లో శ్రీవిజయపురమను పేరు వచ్చినది. 2011 జనగణననాటికి దీవుల జనాభాలో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతము. ఉప్పునీట తడిసి, ఎండకు కాలి, చేపపొలుసు అంటిన చర్మమునకు సాయంకాలము మంచినీటి స్నానము, దానిమీద కొంచెము కొబ్బరినూనె: సముద్రముమీద బ్రతుకువారి దినచర్య ఏ తీరమునైనను ఇంతే. పండుగనాటి నలుగుపిండిని వారు తమతోనే తీసికొనిపోయిరి. తమతో తీసికొనిపోయినది మరియొకటి కలదు, తెలుపుపై మోజు. 1975లో బజారునకు వచ్చిన ‘ఫెయిర్ అండ్ లవ్‌లీ’ గొట్టము దేశమంతట పెండ్లిచూపుల సరంజామాలో చేరినది. 2020లో దాని పేరులోని ‘ఫెయిర్’ పోయి ‘గ్లో’ వచ్చినది. తెలుపు అను మాట పోయినంత మాత్రమున అంగడికి వచ్చినవారి కోరిక పోయినదా? నిగనిగ యను మాట ఇంటనే యున్నవారు ‘గ్లో’ను గొట్టములో కొనుచున్నారు.

ఈ అంగళ్ళకు కొన్ని క్రోసుల దూరముననే జారవాలు కలరు. ప్రభుత్వపు బృందములు 1974 మొదలు వారికి కొబ్బరికాయలు, అరటిపండ్లు, ఎర్రబట్ట కానుకలుగా మోసికొనిపోయినవి. ఉత్తర సెంటినెల్ దీవివారు 1991 జనవరిలో చేతిసాయముగా అందుకొన్నదియు కొబ్బరికాయలే. తమ నేలపై లేని ఆ కాయ ఇట్లు రాయబారియైనది. 1997 తరువాత జారవాలు తామే అడవి వెలుపలికి వచ్చుట మొదలుపెట్టిరి. 1999లో తట్టు వారిని పట్టినది. 1877ను ఎరిగినవారు గుండెలు చేతబట్టుకొనిరి, కాని ఈసారి వైద్యము అందినది. వారి అడవి గుండ పోవు రాజమార్గమును ఆ భాగమున మూసివేయుడని 2002లో సుప్రీంకోర్టు ఆదేశించినను వాహనములు ఆగలేదు. మన్నుతో గీతలు దిద్దుకొన్న నల్లని ముఖములను చూచుటకు కిటికీలనుండి తలలు వెలికి చాపిన యాత్రికులు 2012 నాటికి లోకమున వార్తకెక్కిరి. పోర్ట్‌మన్ గళ్ళ తెర పోయినది. చేతిలోని కెమెరా వచ్చినది. ఆ బస్సులలో తెలుగువారు లేరని ఎవరు చెప్పగలరు?

పెద్ద అండమాను తెగలవారిలో ‘బో’ భాష నెరిగిన చివరి స్త్రీ బోవా సీనియర్ 2010 జనవరిలో కన్నుమూసినది. అన్వితా అబ్బి యను భాషావేత్త ఆమెనుండియు, తక్కిన కొలదిమందినుండియు సేకరించిన మాటలతో పెద్ద అండమాను భాషా నిఘంటువును 2012లో ప్రకటించినది.

చిన్న అండమానులోని ఒంగీలు 1901లో 672 మంది. 2011లో 101 మంది. డ్యూగాంగ్ క్రీక్ వద్ద వారికి ప్రభుత్వము ఇండ్లు కట్టించి, కొబ్బరితోట వేయించినది. 1980లలో వారితో నివసించి, 1993లో గ్రంథము వ్రాసిన విశ్వజిత్ పాండ్య వారి పూతలను గూర్చి చెప్పినది మాన్, రాడ్‌క్లిఫ్ బ్రౌనులు విన్నదానిని జతపరచుచున్నది. తెల్లమన్ను దేహమును చల్లబరచును, ఎర్రమన్ను వెచ్చబరచును. మేని వాసనను ఎంతవరకు బయటికి పోనీయవలెను, ఎంత నిలుపవలెను అనునది పూత నిర్ణయించును. ఆ నిర్ణయము చేసి, మన్ను తడిపి, భర్త ముఖమున గీతలు దిద్దునది భార్య.